వాగులోకి వదిలిన నీళ్లు

అనంతలక్ష్మి పేరు వెస్లీఫోర్డ్‌లో ఎవరికీ నోరు తిరగలేదు. మొదట్లో ఒకరిద్దరు ప్రయత్నించారు. తర్వాత ఊరు ఊరంతా ‘అనా’ దగ్గర ఆగిపోయింది. ఇల్లినాయ్ మొక్కజొన్న చేల మధ్య ఏడువందల నలభై మంది ఉండే ఆ ఊరికి ఆమె డాక్టరు గారి భార్యగా వచ్చింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే డాక్టరు గారు అక్కడ లేరు. ఆమె మాత్రం ఊరి మురుగునీటి ప్లాంటు చూసుకుంటూ ఉండిపోయింది.

డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచేస్తే వీసా చిక్కు తీరుతుందని ఆమె భర్త కొండల్ రావు అప్పట్లో ఇక్కడి క్లినిక్‌కి ఒప్పుకున్నాడు. ఆ మూడేళ్లు పద్నాలుగేళ్లయ్యాయి. కూతురు నైనిక ఇక్కడే స్కూలు చదివి, కాలేజీకని వెళ్లి, ఉద్యోగం రాగానే వేరే రాష్ట్రంలో, క్యారీలో ఉండిపోయింది. 2017లో క్లినిక్ మూతపడితే ఆయన షామ్‌బర్గ్‌లో ఒక హాస్పిటల్లో చేరాడు. కారులో మూడున్నర గంటల దారి. ఇల్లు అమ్ముడుపోగానే ఆమె కూడా వెళ్తుందని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. ఇల్లు అమ్మకానికి పెట్టడమే జరగలేదు. మొదట ఆయన ప్రతి శనివారం వచ్చేవాడు. తర్వాత రెండు వారాలకోసారి, ఆ తర్వాత నెలకోసారి. గొడవేమీ పడలేదు. ఫోన్లో మాత్రం రోజూ, తిన్నవా అంటే తిన్నవా అని ఒకరినొకరు అడిగేవాళ్లు.

ఆమె హనుమకొండలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి. గ్రీన్‌కార్డ్ వచ్చిన ఏడాది పోస్టాఫీసు గోడమీద ఒక కాగితం చూసింది. మురుగునీటి ప్లాంటులో పరీక్షలు చేయడానికి వారానికి రెండు రోజులు మనిషి కావాలని. అక్కడ వెర్న్ అనే ముసలాయన ఒక్కడే పనిచేసేవాడు. నాలుగేళ్లు ఆయన దగ్గర నేర్చుకుని, రాష్ట్రం పెట్టే పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకుంది. వెర్న్ మోకాళ్లు అరిగి తప్పుకున్నాక ప్లాంటు మొత్తం ఆమె చేతికొచ్చింది.

ప్లాంటంటే పెద్ద యంత్రాలేమీ ఉండవు. ఊరి చివర కట్టలు పోసిన రెండు చెరువులు. లగూన్లంటారు. ఇళ్లలోంచి వచ్చిన మురుగునీరు నెలల తరబడి వాటిలో నిలుస్తుంది. మడ్డి అడుక్కి దిగుతుంది, ఎండా గాలీ సూక్ష్మజీవులూ తమ పని తాము చేస్తాయి. తేటపడిన నీళ్లు చివర్లో ఒక పైపులోంచి వెస్లీ వాగులో పడతాయి. రోజూ ఎన్ని నీళ్లు పడ్డాయో రాయాలి. నెలకోసారి ఆ నీళ్లను పరీక్ష చేసి రాష్ట్రానికి రిపోర్ట్ పంపాలి.

“కాగితం కోసం పైపు దగ్గర చూడు,” అనేవాడు వెర్న్. “నీ కోసం వాగులో చూడు.”

ఆ మాట పట్టుకుని ఆమె శుక్రవారం శుక్రవారం రబ్బరు బూట్లేసుకుని వాగు వెంట మైలు దూరం నడిచేది. అక్కడే ఆమెకు ఆల్చిప్పలు పరిచయమయ్యాయి. పిడికిలంత, మట్టిరంగులో, ఇసుకలో సగం కూరుకుని, నోరు కొంచెం తెరిచి కదలకుండా ఉండేవి. అవి నీళ్లను లోపలికి పీల్చి, వడగట్టి బయటికి వదులుతాయని వెర్న్ చెప్పాడు. ఆమె చేసే పనే అవీ చేస్తున్నాయి. ఎక్కడెక్కడ ఏవి ఉంటాయో ఆమెకు కళ్లకు కట్టినట్టు తెలుసు. ఎవరికైనా చెప్పుకునే విషయం కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

2021 మార్చి రెండో శుక్రవారం వాగులోకి దిగిన ఆమె మొదటి వంపు దగ్గరే ఆగిపోయింది. ఆల్చిప్పలు ఇసుకలోంచి పైకి తేలి పడున్నాయి. రెండు చిప్పలూ బార్లా తెరుచుకుని, లోపలి తెల్లటి మాంసం నీళ్లలో పీలికల్లా ఊగుతోంది. వంగి ఒకటి ముట్టుకుంది. మూసుకోలేదు. రెండో వంపు దాకా లెక్కపెట్టింది. డెబ్బై మూడు దాటాక లెక్క ఆపేసింది.

ఏం జరిగిందో ఆమెకు వెంటనే అర్థమైంది. చలికాలమంతా లగూన్ల మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. అమోనియాను తినే సూక్ష్మజీవులు ఆ చలికి పని మానేస్తాయి. అడుగున ముప్పై ఏళ్ల మడ్డి. ఆ వారం ఉన్నట్టుండి ఎండ కాసేసరికి మంచు కరిగి, అడుగు నీళ్లు పైకి తిరగబడ్డాయి. ఆ నెల పరీక్ష ఆమె ఒకటో తారీఖునే చేసేసింది. అప్పటికింకా మంచు పూర్తిగా కరగలేదు. అంకె బాగానే వచ్చింది.

తిరిగొచ్చి పైపు దగ్గర సీసా పట్టింది. ప్లాంటు పక్కనే ఉన్న చిన్న రేకుల గదిలో పరీక్ష చేసింది. లీటరుకు పదకొండు మిల్లీగ్రాముల అమోనియా. నాలుగు దాటకూడదు. నమ్మలేక మళ్లీ చేసింది. పదకొండున్నర.

స్టూలు మీద కూర్చుంది. నెలకు ఒక్క పరీక్ష చాలు. కానీ ఆ పైపు దగ్గర, ఆ పద్ధతిలో ఎన్నిసార్లు చేస్తే అన్ని అంకెలూ రిపోర్ట్‌లో రాయాల్సిందే. నియమం అది. సీసాలో నీళ్లు సింకులో పారబోస్తే అడిగేవాళ్లు లేరు. వాగు వెంట నడిచేవాళ్లూ ఇంకెవరూ లేరు.

కొండల్ రావుకి ఫోన్ చేసింది. ఆయన ఒక పేషెంట్‌ని పంపి ఇంకొకరిని పిలిచేలోపు ఎత్తాడు.

“నెలకు ఒక్కసారే గదా చేయాలె. చేసినవ్ గదా?”

“చేసిన. కానీ ఇయ్యాల మళ్లీ చేసిన.”

“ఎవరన్నా చెయ్యమన్నరా?”

“లేదు. ఆల్చిప్పలు చచ్చిపోయినయ్. అందుకే చేసిన.”



“ఏం చచ్చిపోయినయ్?”

పన్నెండేళ్లుగా ఆయనకు వాటి సంగతి చెప్పనే లేదని ఆమెకు అప్పుడు తట్టింది. “ఏం లేదులే, సాయంత్రం చేస్తా,” అని పెట్టేసింది.

ఊరి బోర్డుకి ప్రెసిడెంటు గ్లెన్. ధాన్యం గోదాము నడిపే, అరవై దాటిన రైతు. ఆమె చెప్పిందంతా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

“నీకా పరీక్ష చేయాల్సిన పని ఉందా, అనా?”

“లేదు. కానీ చేశాను.”

“రాయొద్దని నేను చెప్పను,” అన్నాడు గ్లెన్. “చెబితే నేను మనిషిని కాను. కానీ రాశాక ఏం జరుగుతుందో అది నీ చేతిలో ఉండదు. నా చేతిలోనూ ఉండదు.”

ఆమె రాసింది. రెండు అంకెలూ రాసి, కింద చనిపోయిన ఆల్చిప్పల సంగతి రాసి, సంతకం పెట్టి పంపింది.

మే నెలలో రాష్ట్రం నుంచి నోటీసు వచ్చింది. లగూన్లు పాతబడ్డాయనీ, మూడేళ్లలో ఏదో ఒక దారి చూడమనీ. ఊళ్లో నీటి బిల్లులు పెరుగుతాయన్న మాట బిల్లులకంటే ముందే ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. పోస్టాఫీసులో డోనా ఇదివరకు పార్సిల్ వస్తే కౌంటర్ మీద పెట్టి, ఇండియా నుంచేనా, లోపల తినేదేమైనా ఉందా అని నవ్వుతూ అడిగేది. ఇప్పుడు చీటీ జరిపి సంతకం ఎక్కడో వేలుతో చూపిస్తోంది. పక్కింటివాళ్లు ఆకురాలు కాలంలో ఏటా తెచ్చిచ్చే గుమ్మడికాయ బ్రెడ్ ఆ ఏడు రాలేదు. దాని రుచి ఆమెకు ఎప్పుడూ నచ్చేది కాదు. అయినా నవంబరు దాటేదాకా తలుపు చప్పుడైనప్పుడల్లా అదేనేమో అనుకుంది.

నోటీసు వెనకే జూన్‌లో ఒకమ్మాయి వచ్చింది. రాష్ట్రం తరఫున వాగుల్లో ఆల్చిప్పలు లెక్కపెట్టే బయాలజిస్ట్. ముప్పై ఏళ్లుంటాయేమో. నీళ్లలో దిగే బిగుతు రబ్బరు సూటుతో, నెత్తిన టోపీతో ట్రక్ దిగి, చేతిలోని రిపోర్ట్‌నీ ఈమెనీ మార్చి మార్చి చూసింది.

“అనంతలక్ష్మి... ఆంటీ, మీరు తెలుగా?”

ఆ వాగు ఒడ్డున ఆమె తెలుగు వినడం అదే మొదలు.

“నీ పేరేందమ్మా?”

“అనుష్క. అమెరికాలోనే, పార్సిప్పనీలో పెరిగాను. నా తెలుగు కొంచెం బ్యాడ్ ఉంటుంది, సారీ.”

మూడు రోజులు ఇద్దరూ వాగులో నడిచారు. అడుగున గాజుపలక బిగించిన బకెట్‌ను నీళ్ల మీద పెట్టి అందులోంచి చూడటం అనుష్క నేర్పింది. ఎక్కడ చూడాలో అనంతలక్ష్మి చూపించింది. పైపుకి దిగువన మొదటి అరమైలులో ఒక్కటీ బతికి లేదు. అది దాటాక, రాతి అడుగున్న రెండు మడుగుల్లో మాత్రం నూటికి పైగా దొరికాయి. అనుష్క ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చిప్ప మీది గీతలు లెక్కపెట్టింది.

“ఇది నాకంటే ఓల్డ్, ఆంటీ. ఫార్టీ ఉండొచ్చు. పిల్లలప్పుడు చేప మీద రైడ్ చేసి వస్తాయి. తర్వాత ఒక్కసారి ఇసుకలో కూర్చుంటే లైఫ్ అంతా అక్కడే.”

“ఎటూ పోవా?”

“కొంచెం జరుగుతాయి. కొంచెమే.”

మూడో రోజు ఇంటికి తీసుకెళ్లి పప్పుచారు, దొండకాయ వేపుడు చేసి పెట్టింది. అమ్మాయి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. ట్రక్ వెళ్లిపోయాక గిన్నెలు కడుగుతుంటే, ఈ ఇంట్లో నైనిక తర్వాత రెండోసారి అన్నం అడిగినవాళ్లు లేరని గుర్తొచ్చి, నీళ్లు కట్టేసి కాసేపు అలాగే నిలబడింది.

ఇంజనీర్లు వచ్చి కొలతలు వేశారు. లగూన్లు బాగుచేయడం కంటే, తొమ్మిది మైళ్ల అవతలున్న మార్లో పట్నానికి పైపు వేసి, ఊరి మురుగునీరంతా అక్కడి పెద్ద ప్లాంటుకి పంపడం మేలన్నారు. ప్రభుత్వం సాయం చేస్తానంది. మీటింగులో బోర్డు వాళ్లు అనంతలక్ష్మి అభిప్రాయం అడిగారు. తన ఉద్యోగం పోతుందని తెలిసీ ఆమె లేచి, అదే మంచిదని చెప్పింది. ఇక వాగులోకి అమోనియా రాదు. ఆ మాట చెప్పి కూర్చున్నప్పుడు డోనా తలతిప్పి ఆమెకేసి చూసింది. చాలా రోజుల తర్వాత అది మామూలు చూపు.

2024 జూన్‌లో పైపు పూర్తయింది. గ్లెన్, ఇద్దరు ఇంజనీర్లు చూస్తుండగా ఆమే చక్రం తిప్పి లగూన్ల దారి మూసింది. ఫొటో తీశారు. ఆమెకు వారానికి ఒక పూట, కొత్త పంపు చూసే పని మిగిలింది.

ఆ జూలై పదో తారీఖు తర్వాత వాన పడలేదు. ఆగస్టు రెండో వారంలో ఒక ఉదయం ఆమె అలవాటుకొద్దీ వాగుకి వెళ్లింది. వాగు లేదు. రాళ్లు తెల్లగా ఎండి, మధ్యమధ్య పచ్చటి పాకుడు పట్టిన గుంటలున్నాయి. రాతి మడుగుల్లో పైది ఎండిపోయింది. రెండోదాంట్లో మోకాలి లోతు కూడా లేదు.

ఒడ్డున కూలబడింది. ప్లాంటు చేతికొచ్చినప్పటినుంచీ రోజూ తన చేత్తో తానే రాసింది: పైపులోంచి వాగులో పడ్డ నీళ్లు, ఇన్ని వేల గ్యాలన్లు. వేసవిలో వాగు ఎంత పారేదో కూడా ఆమెకు తెలుసు. ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటే. ఎండలు ముదిరితే వాగులో పారేది ఊళ్లోవాళ్ల నీళ్లే. చెడగొట్టిందీ అవే, ఇన్నేళ్లూ నిలబెట్టిందీ అవే. ఇంజనీర్లు ఈ సంగతి అడగలేదు. రాష్ట్రం అడగలేదు. తెలిసిన మనిషి తనొక్కతే, తనూ అనుకోలేదు. మీటింగులో లేచి నిలబడి, అదే మంచిదని చెప్పింది.

అనుష్కకి ఫోన్ చేసింది.

“ఆంటీ, ముట్టుకోవద్దు, ప్లీజ్. పర్మిట్ కావాలి. నేను ఇప్పుడు వేరే నది దగ్గర ఉన్నాను. ఎల్లుండి మార్నింగ్ వస్తాను.”

ఎల్లుండి దాకా మడుగు ఆగాలి. కుళాయి నీళ్లు పోద్దామంటే అందులో క్లోరిన్, పోస్తే చచ్చిపోతాయి. ఒడ్డు బురదలో, రాత్రిపూట తిరిగే రకూన్ జంతువుల అడుగులు పసిపిల్లల చేతుల అచ్చుల్లా ఉన్నాయి. పక్కన పగలగొట్టి తిన్న చిప్పలు. ఇంటినుంచి మడతకుర్చీ తెచ్చుకుని మడుగు పక్కన కూర్చుంది. మధ్యాహ్నానికి వేడి పెరిగింది. చుట్టూ మొక్కజొన్న, మనిషి జాడ లేదు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక వాక్యం కూర్చుకుంది. అడగడానికి ఎవరూ రాలేదు.

చివరికి గ్లెన్‌కి ఫోన్ చేసింది. చెప్పాల్సింది చెప్పి, నీ బావి నీళ్లు కావాలంది.

గంటకి ట్రాక్టరు చప్పుడైంది. వెనక పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు.

“అందులో ఎప్పుడైనా పురుగుమందు కలిపావా?” అడిగింది ముందుగానే.

“ఆవులకి నీళ్లు మోసే ట్యాంకు అది. నువ్వు అడుగుతావని తెలుసు.”

బావి నీళ్లలో గాలి తక్కువుంటుంది. నేరుగా పోయకుండా, ఎగువన రాళ్ల మీద సన్నగా పారేలా గొట్టం పెట్టించింది. నీళ్లు రాయి మీంచి రాయి మీదికి దూకుతూ మడుగులోకి దిగాయి. గ్లెన్ ఆమె పక్కనే నిలబడి చూశాడు.

“నా చిన్నప్పుడు వీటిని చేపలకి ఎరగా వాడేవాళ్లం,” అన్నాడు. “ఇన్నాళ్లూ ఉన్నాయనే అనుకోలేదు.”

మర్నాడు రెండుసార్లు వచ్చాడు.

మూడోరోజు ఉదయం అనుష్క వచ్చేసరికి మడుగులో నలభై ఒకటి బతికి ఉన్నాయి. మిగతావి ఎండకి పోయాయి, కొన్ని రకూన్ల పాలయ్యాయి. ఒక్కోదాన్ని తీసి, చిప్ప తుడిచి, నంబరున్న బియ్యపుగింజంత బిళ్ల జిగురుతో అంటించింది అనుష్క. అనంతలక్ష్మి నోటుపుస్తకంలో నంబరు, పొడవు రాసింది. తడిగుడ్డల్లో చుట్టి ఐస్‌పెట్టెలో పెట్టి, మార్లోకి ఎగువన నది పారే చోటికి తీసుకెళ్లారు. నడుంలోతు నీళ్లలో నిలబడి, ఒక్కోదాన్ని నోరు పైకి వచ్చేలా ఇసుకలో గుచ్చారు.

అన్నీ అయ్యాక ఒడ్డెక్కుతూ అనంతలక్ష్మి అడిగింది.

“పోయినయన్నీ నేనే చంపిన్నా, అనుష్కా?”

ఆ అమ్మాయి తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుంది.

“మీరు అప్పుడు రాయకపోతే, ప్రతి స్ప్రింగ్ కొన్ని పోయేవి. అన్నీ పోయేవి. మీరు రాశారు, పైపు వచ్చింది, అందుకే ఇవి పోయాయి. రెండూ ట్రూ, ఆంటీ. నేను కూడా సర్వే చేశాను కదా. నేను కూడా వాటర్ సంగతి రాయలేదు. ఇంకా చెప్పాలి, కానీ నాకు తెలుగులో రావట్లేదు.”

“చాలమ్మా,” అంది అనంతలక్ష్మి. “మంచిగనే చెప్పినవ్.”

ఆ శనివారం కొండల్ రావు వచ్చాడు. భోజనాల దగ్గర ఆమె మొత్తం చెప్పింది, వెర్న్ మొదటి చిప్ప చూపించిన రోజు నుంచి. ఆయన చెయ్యి కంచంలో ఎండిపోయేదాకా విన్నాడు.

“ఇన్నేండ్లు ఒక్కసారి గూడ చెప్పలే నువ్వు.”

“మీరు అడగలే.”

“అడగాలంటే తెల్వాలె గదా,” అన్నాడు. కోపంగా కాదు. చెయ్యి కడుక్కొచ్చి, “ఇప్పుడు ఇక్కడ నౌకరి గూడ లేదాయె. వచ్చెయ్ లక్ష్మీ,” అన్నాడు.

ఆమె వస్తానందామనే అనుకుంది. షామ్‌బర్గ్‌లో ఆయన ఇల్లు బాగుంటుంది. పక్కనే ఇండియన్ స్టోరు, వీధికి నలుగురు తెలుగువాళ్లు. చూడ్డానికి వెళ్లి ఉన్న నాలుగేసి రోజుల్లో ఆమె ప్రతిసారీ డాక్టరు గారి భార్యే. దానిలో తప్పేమీ లేదు. కానీ పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు ఉండదు.

“మార్లో ప్లాంటుల ల్యాబ్‌కి మనిషి కావాలంటున్నరు,” అంది. “వారానికి నాలుగు రోజులు. అడిగిన.”

ఆయన తన కంచం తీసి సింకులో పెట్టాడు. “సరే మరి,” అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం, ఎప్పటికన్నా ఒక గంట ఆలస్యంగా బయల్దేరాడు.

ఉద్యోగం వచ్చింది. తెల్లటి గోడల పెద్ద ల్యాబ్, ఆరుగురు మనుషులు, కాఫీ మెషీన్. అక్కడివాళ్లూ ఆమెను అనా అనే పిలుస్తారు. వెస్లీఫోర్డ్ నీళ్లు పైపులో తొమ్మిది మైళ్లు వచ్చి మిగతా నీళ్లలో కలిసిపోతాయి. ఏవి ఎవరివో చెప్పడానికి లేదు. ఆ చలికాలం ఆమె రాష్ట్రానికి ఒక ఉత్తరం రాసింది, వేసవిలో వాగులోకి కొన్ని శుద్ధిచేసిన నీళ్లు తిరిగి వదిలే వీలుందా అని. పరిశీలిస్తామని జవాబొచ్చింది. మళ్లీ రాసింది. మళ్లీ అదే జవాబొచ్చింది.

మరుసటి జూలైలో, భోజనం వేళ పార్కింగ్‌లో కారులో కూర్చుని పెరుగన్నం తింటుంటే అనుష్క మెసేజ్ వచ్చింది. నదిలో వెతికితే నంబర్లున్నవి ఇరవై ఏడు బతికి దొరికాయట. మిగతావి కనిపించలేదు, కొట్టుకుపోయి ఉండొచ్చు, పోయి ఉండొచ్చు.

ఆమె చుట్టూ చూసింది. ఎండలో వరసగా కార్లు, వాటిలో ఎవరూ లేరు. కొండల్ రావుకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. బీప్ వచ్చాక ఏం చెప్పాలో తెలియక, “ఇరవై ఏడు ఉన్నయంట,” అని మాత్రం చెప్పి పెట్టేసింది. డబ్బా మూతపెట్టి లోపలికెళ్లి, రెండు గంటలకి చూడాల్సిన సీసాలు పరీక్షకి పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోన్ మోగింది.

“ఎన్నిట్ల ఇరవై ఏడు?” అన్నాడాయన, పలకరింపు లేకుండా.

“నలభై ఒక్కదాంట్ల.”

ఆయన మనసులో లెక్కేస్తున్నాడని అర్థమైంది. వెనక హాస్పిటల్ మైకులో ఎవరినో పిలుస్తున్నారు.

“ఏడాదికి అంటే తక్కువేం కాదు, లక్ష్మీ,” అన్నాడు. “తిన్నవా మరి?”

“ఇంకా లేదు. ఇప్పుడే వచ్చిన,” అని ఆమె వంటింట్లోకి నడిచి లైటు వేసింది.